ముక్కమ్మ మాట

పొద్దున్నే లాబ్ తలుపు తెరిచాక అక్కడ మొట్టమొదటి పని ముక్కుతో జరిగేది. గాలిగొట్టం ఉన్న గదిలోకి ముక్కమ్మ ఒక్కతే వెళ్ళేది. మిగిలినవాళ్ళు అద్దానికి ఇవతల నిలబడేవారు. ఆవిడ వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కుని, గొట్టం చివర బిగించే రెండు గాజుపెట్టెల మూతలు తీసి, ఒకదాని తర్వాత ఒకటి ముఖం దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకునేది. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. అది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అలవాటైపోయిన మర్యాద. తర్వాత ఆవిడ కళ్ళు తెరిచి, "శుభ్రం" అనేది. ఆ మాట పడ్డాకే ప్రయోగానికి పురుగుల్ని గొట్టంలోకి వదిలేవారు.

కొంతకాలంగా ఆ మాట అబద్ధం. కిందటి వానాకాలంలో వచ్చిన జ్వరం ఆవిడ ముక్కుని పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది, ఒళ్ళు కుదుటపడింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు, "రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టండి" అన్నాడు. ఇవాళో రేపో వచ్చేదానికి ఈలోగా నలుగురికీ చెప్పి చులకన కావడం ఎందుకని ఆవిడ అనుకుంది. ఆ ఇవాళా రేపూ అలా సాగుతూనే పోయాయి.

మనుషులైతే వెళ్ళేముందు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు తొడుక్కుంటూ నాలుగు మాటలు చెప్పి వెళ్తారు. వాసన అలా చెప్పి వెళ్ళలేదు. ఆఖరిసారి తాను దేని వాసన చూసిందో ఎంత తలుచుకున్నా ఆవిడకి గుర్తు రాలేదు.

ముక్కమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఒకప్పటి కుర్రకారు ఎగతాళికి మొదలుపెట్టింది కాలం గడిచేకొద్దీ బిరుదై కూర్చుంది. వరండా ఆ చివర నుంచే ఎవరి కోటు రాత్రి తడిసి ఆరిందో చెప్పేది. ఒకసారి పై అంతస్తులో గ్యాసు గొట్టం కారుతోందని మీటరు కంటే ముందు ఆవిడే పట్టి, అందరినీ బయటికి తోలింది. వాసన మీద పనిచేసే చోట అలాంటి ముక్కు ఉండడమంటే సంగీతం ఇంట్లో శ్రుతి తప్పని గొంతు ఉన్నట్టు. పెద్ద చదువులు చదివినవాళ్ళు వచ్చారు, పోయారు. గాలిగొట్టం మాత్రం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

ఇంట్లో ఆవిడకి తోడు అక్క. బట్టలు కుట్టే పని చేసి, చూపు తగ్గాక మానేసింది. చెవులు కూడా సరిగా పనిచేయవు. చెవిలో పెట్టుకునే మిషను తలుపు తోసినప్పుడల్లా కీచుమనేది. ముక్కమ్మ సంగతి ఒక్క అక్కకే తెలుసు. చెప్పి తెలిసింది కాదు. ఒక ఆదివారం పాలు మాడి వంటగదంతా పొగ కమ్ముకున్నా, ముక్కమ్మ స్టౌ పక్కనే వీపు తిప్పి నిలబడి పేపరు చదువుతోంది.

"నీ పక్కనే మాడింది కదే. ముక్కు ఎక్కడ పెట్టావు, ఎవరికైనా అరువిచ్చావా?" అంది అక్క గిన్నె దింపుతూ.

 అక్క ఆవిడ ముఖం చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"జ్వరం అప్పటి నుంచి."

"ఆఫీసులో చెప్పావా?"

"లేదు."

"చూడు, చెవులు పోయాయని నేను వీధి వీధంతా చాటుకుంటూ తిరుగుతున్నాను. పోస్టుమాన్ కూడా నాతో అరిచే మాట్లాడతాడు. నాకేం తక్కువైంది? నీకు ముక్కుతో పాటు నోరు కూడా పోయిందా ఏం?"

"నీ చెవులు చూసి నిన్నెవరూ పిలవలేదక్కా. నన్ను నా ముక్కు చూసే పిలిచారు."

"అయితే ఆ ముక్కే లేకపోతే నువ్వు లేవా?" అని అక్క మాడిన గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. స్టౌ దగ్గరికి మాత్రం ఆవిడని రానివ్వడం మానేసింది.

అక్కకి కూడా చెప్పనిది ఒకటుంది. అల్మారాలో బట్టల వెనక ఒక గాజు జాడీ ఉండేది. లాబ్‌లో వాసనలు దాచే బిగుతు మూత జాడీ అది. అందులో పోయిన భర్త మఫ్లరు ఉంది. వాసన అయిపోతుందేమోనన్న భయంతో ఎప్పుడో మనసాగనప్పుడు మాత్రం మూత కొంచెం ఎత్తి, ఒక్క ఊపిరి పీల్చి మూసేసేది. జ్వరం తగ్గాక మూత తీసి చూసింది. ఏమీ లేదు. పోయింది జాడీలోదో తన ముక్కో తెలియలేదు. అక్కని పిలిచి చూడమనవచ్చు. "ఏ వాసనా లేదే" అని అక్క అంటే? ఆ మాట వినే ధైర్యం లేక జాడీని మళ్ళీ బట్టల వెనక్కి నెట్టేసింది.

ఇక లాబ్‌లో పిట్ట అనే అమ్మాయి ఉంది. పిట్టంత మనిషి, నడకలో కూడా గెంతుతున్నట్టుండేది కాబట్టి అందరూ పిట్ట అనేవారు. డాక్టరేటు కోసం రెక్కల పురుగుల మీద పనిచేస్తోంది. రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే జాతి. చూడడానికి ఒకేలా ఉండే రెండు రకాల్ని పెంచేది. మొదటి రకం చేదుపొద అనే ఒకే మొక్క మీద గుడ్లు పెడుతుంది. రెక్కలు వచ్చాక దానికి నోరే ఉండదు, చిన్నప్పుడు తిన్న కొవ్వుతోనే బతికి, గుడ్లు పెట్టి పోతుంది. రెండో రకం చేదుపొద మీదే కాక ఒక అడవి తీగ మీద కూడా గుడ్లు పెడుతుంది. దానికి నోరుంది, దొరికితే పళ్ళరసం తాగుతుంది. మొదటి రకంలో చేదుపొద వాసన పట్టే జన్యువు ఒకటే ఉంది. రెండో రకంలో అలాంటివే రెండున్నాయి. ఆ రెండో జన్యువు ఏం చేస్తోందన్నదే పిట్ట ప్రశ్న.

చూడడానికి వచ్చినవాళ్ళకి అది చెప్పే తీరు కోసమే జనం ఆ పిల్ల చుట్టూ మూగేవారు.

"అక్కచెల్లెళ్ళనుకోండి. మొదట ఒక్కతే. నకలు తీసేటప్పుడు ఎప్పుడో జరిగిన పొరపాటు వల్ల ఇద్దరయ్యారు. అక్క పాత పని వదలదు. అక్క చూసుకుంటోంది కదా అని చెల్లెలికి బోలెడు తీరిక. తీరిక ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? నూటికి తొంభైమంది చెడిపోతారు. ఎక్కడో ఒకతె మాత్రం, అక్కకి చేతకాని కొత్త పని ఒకటి నేర్చుకుంటుంది. మా పురుగులో చెల్లెలు తీగ వాసన పట్టడం నేర్చుకుందని నేనంటున్నాను."

"మరి చెడిపోయినవాళ్ళు ఏమవుతారమ్మా?" అని ఒకరోజు అడిగాడు, లాబ్ చూడడానికి వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన.

"ఎక్కడికీ పోరండి. వరసలో తమ చోట తాము అలాగే కూర్చుంటారు. ఇల్లు ఖాళీ అయినా గేటుకి పేరుపలక ఉన్నట్టు. పై నుంచి చూస్తే జన్యువే. లోపల పని లేదు. తరం తర్వాత తరం వాటికి కూడా నకలు తీస్తూనే ఉంటుంది ఒళ్ళు."

అందరూ నవ్వారు. అద్దం వెనక పెట్టెలు తుడుస్తున్న ముక్కమ్మకి చెవుల దాకా వేడి పాకింది. పిల్ల తనని అనలేదని తెలుసు. అయినా ఆ మధ్యాహ్నమంతా తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయింది.

అదే రోజు ఆ పెద్దమనుషులకి ఆవిడ ముక్కు చూపించాలని లాబ్ నడిపే ప్రొఫెసర్ గారు ముచ్చటపడ్డారు. ఏళ్ళ తరబడి చేస్తున్న వేడుక. పేర్లు లేని సీసాలు వరసగా పెడతారు, ఆవిడ వాసన చూసి చెబుతుంది. ఆవిడ కాదనలేదు. ఒక్కో సీసా ఎత్తి, ఊపి, గాజు గోడ మీద ద్రవం ఎంత నెమ్మదిగా జారుతోందో, దీపం ఎదుట ఎంత పసుపుగా ఉందో చూసి, ఏ మూత ఏ మందుకు వాడతారో తనకున్న ఎరుకతో అన్నీ సరిగ్గానే చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిట్ట అందరికంటే గట్టిగా కొట్టింది. ముక్కమ్మ చేతులు కడుక్కునే నెపంతో గదిలోంచి బయటపడి, కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది.

ఇంతకీ అసలు జరిగింది పెట్టెల దగ్గర. పిట్ట ప్రయోగం చెప్పుకోవడానికి సులువే. పంగలకర్రలా రెండుగా చీలిన పెద్ద గాజుగొట్టం. ఒక కొమ్మ చివర తీగ ఆకులు పెట్టిన పెట్టె, ఇంకో కొమ్మ చివర ఖాళీ పెట్టె. రెండు వైపుల నుంచీ గాలి వీస్తుంది. గొట్టం మొదట్లో వదిలిన పురుగు ఎటు తిరిగితే అది లెక్క. కుడి ఎడమల పక్షపాతం లేకుండా పెట్టెల్ని అటూ ఇటూ మారుస్తారు. ఆకుల పెట్టె ఒకసారి జారి పడి మూల విరిగితే, వర్క్‌షాపు వాళ్ళు కొత్త జిగురుతో అతికించి పంపారు. ఆ తర్వాతే పిట్టకి ఫలితాలు మొదలయ్యాయి. రెండో రకం పురుగులు గుంపులు గుంపులుగా ఆకుల పెట్టె వైపు తిరిగాయి. మొదటి రకం ఎటూ తేల్చుకోలేక చెల్లాచెదురయ్యాయి. చెల్లెలు కొత్త పని నేర్చుకుందనడానికి అంతకంటే ఏం కావాలి?

అతికిన పెట్టె వచ్చిన కొత్తలో ఒక ఉదయం, ముక్కమ్మ శుభ్రం అన్న వెంటనే, మూతలు ఇంకా తెరిచి ఉండగానే పిట్ట తలుపు సందులోంచి గదిలోకి తల దూర్చింది.

"మేడమ్, ఈ పెట్టెలో పండు వాసన వస్తోందా? బాగా మగ్గిన అరటిపండులాగా?"

ముక్కమ్మ పెట్టెని మళ్ళీ ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఆవిడకి ఏమీ రాలేదు. ఏమీ రాదు. వస్తోందంటే, ఇందాకే శుభ్రం అన్న మాటకి ఏం జవాబు చెప్పాలి?

"పొద్దున నువ్వు తిన్న పండు నీ మూతికే అంటుకుని ఉంటుంది, పో పోయి కడుక్కో" అంది నవ్వుతూ.

అద్దం ఇవతల ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. పిట్ట కూడా నవ్వి, మణికట్టుతో మూతి తుడుచుకుంది. ఆ రోజు ఆ పిల్ల పండు తినలేదు. అది పిట్టకి తెలుసు. అయినా మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పైగా ఎవరైనా వాసన మాటెత్తితే, "నన్ను అడగొద్దు బాబూ, నాది మొద్దు ముక్కు" అనడం మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళలో కూడా ఒకరిద్దరికి ఆ వాసన తగలకపోలేదు. కానీ ముక్కమ్మ శుభ్రమన్నాక తమకేదో భ్రమ అనుకున్నారు. తమ ముక్కుల కంటే ఆవిడ మాటనే నమ్మారు.

ఇలా ఉండగా ఇంకో ఊరి లాబ్ వాళ్ళు అవే పురుగుల్ని తెప్పించుకుని అదే ప్రయోగం చేశారు. వాళ్ళకి రాలేదు. ఉత్త వాసనకి ఏ రకమూ తీగ వైపు తిరగలేదు. ఆ సంగతి ప్రొఫెసర్ గారికి ఫోనులో చెప్పారు, మర్యాదగానే. పిట్ట డాక్టరేటు పరీక్ష దగ్గరపడింది. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు, ప్రయోగం తన కళ్ళ ముందు చేసి చూపించాలని అడిగాడు.

"చేసి చూపిస్తాను సార్, నాకేం భయం" అంది పిట్ట. భయం ముక్కమ్మని పట్టుకుంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ రెండు పెట్టెల్నీ తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని, పైన శాలువా కప్పి ఇంటికి తెచ్చింది. బస్సులో ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు. ఇంట్లో బల్ల మీద రెండు పెట్టెలూ పెట్టి అక్కని పిలిచింది.

"వీటి వాసన చూసి చెప్పక్కా."

"ఇదెక్కడి చోద్యం. ఊరికంతటికీ నువ్వు చెబుతావు, నీకు నేను చెప్పాలా?" అంటూనే అక్క వంగింది. ఖాళీ పెట్టె దగ్గర తల అడ్డంగా ఊపింది. రెండోదాని మూత తీయగానే వెనక్కి జరిగింది.

"ఇందులో పళ్ళు పెట్టారేంటే? మగ్గిన అరటిపండు. కాదు కాదు, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు ఘాటు కూడా ఉంది. ఇదిగో ఈ మూల నుంచి." అక్క వేలు అతుకు మీద ఆగింది.

ముక్కమ్మ కుర్చీలో కూలబడింది. అంతా ఒక్కసారిగా అర్థమైంది. జిగురు. లోపలెక్కడో ఆరకుండా ఉండిపోయి దీపాల వేడికి వాసన వదులుతోంది. నోరున్న పురుగు పండనుకుని అటు పోయింది. నోరే లేని పురుగుకి పండుతో ఏం పని? అందుకే అది కదల్లేదు. పెట్టెని ఏ కొమ్మకి మార్చినా వాసన పెట్టెతోనే పోయింది. చెల్లెలూ లేదు, కొత్త పనీ లేదు. పిట్ట కష్టమంతా ఒక జిగురు అతుకు మీద కట్టిన మేడ.

"ఆ పిల్లకి రేపే చెప్పేయ్" అంది అక్క.

"చెబుతాను."

చెప్పలేదు. ఆ మర్నాడు లాబ్‌కి ముందుగా వెళ్ళి, బ్లేడుతో ఆ జిగురంతా గీకి, పెట్టెని మందు నీళ్ళలో నానబెట్టి, వాసన లేదని అట్ట మీద రాసున్న వేరే జిగురుతో అతికించింది. గీకిన పొట్టుని కాగితంలో చుట్టి వీధి చెత్తబుట్టలో పడేసింది. ప్రయోగం దానంతటదే విఫలమవుతుంది, పురుగుల విషయంలో అలాంటివి మామూలే, పిల్ల ఇంకో దారి చూసుకుంటుంది, తన పేరు ఎక్కడా రాదు. ఇలా ఆవిడ మనసు ఆవిడకి నచ్చజెప్పింది. 

పరీక్ష రోజు పరీక్షకుడు అద్దం ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, తక్కువ మాటలు. ముక్కమ్మ ఎప్పటిలాగే పెట్టెలు తెరిచి కళ్ళు మూసుకుని "శుభ్రం" అంది. పురుగుల్ని వదిలారు. రెండో రకం అటు కొన్ని, ఇటు కొన్ని పోయాయి. కొన్ని గొట్టం మొదట్లోనే కూర్చుండిపోయాయి. పెట్టెలు మార్చారు. అంతే. కొత్త పురుగుల్ని తెచ్చారు. అంతే. పిట్ట మెడ మీద చెమట ముక్కమ్మకి అద్దంలోంచి కనిపిస్తోంది.

"ఇన్నాళ్ళూ లెక్కపెట్టింది నువ్వొక్కదానివేనా?" అని అడిగాడు పరీక్షకుడు.

"అవునండి."

"పక్కన ఎవరూ లేరు."

"లేరండి."

పిల్ల లెక్కలు కల్పించిందన్న అనుమానం ఆయన చూపులోనే ఉంది.  ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని, "గాలిలో ఏదైనా కలిసిందేమో, పెట్టెలో ఏమైనా..." అన్నారు, పిల్లకి ఒక దారి చూపిద్దామని.

"లేదు సార్. రోజూ ముక్కమ్మ మేడమ్ చూశాకే మొదలుపెట్టాం. ఆవిడ మాట మీద అనుమానం అక్కర్లేదు" అంది పిట్ట. ఆ ఒక్క దారినీ తన చేత్తోనే మూసేసుకుంది. ఆపైన, "తప్పు నాలోనే ఉండాలి. నేనే ఏదో అంటించుకుని వచ్చి ఉంటాను. నాకు వాసనలు సరిగ్గా తెలియవు" అంది.

ముక్కమ్మ అప్పుడు గదిలోంచి బయటికి వచ్చింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక చివరి నుంచి మొదలుపెట్టింది.

"ఆ పెట్టెకి పండు వాసన ఉండేది. జిగురుది. మొన్న నేనే గీకేశాను. నాకు ముక్కు లేదు. కిందటి వానాకాలం నుంచి లేదు."

 ప్రొఫెసర్ గారు లేచి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అమ్మా, మీ మనసు నాకు తెలుసు. పిల్లని కాపాడాలని మీ మీద వేసుకుంటున్నారు. మొన్నే కదా పెద్దమనుషుల ముందు అన్ని సీసాలూ చెప్పారు."

పరీక్షకుడు కూడా తల పంకించాడు. "మీ గురించి విన్నానండి. ఇలాంటి మాట మీరు అనకూడదు."

అబద్ధానికి అన్నాళ్ళు మోకరిల్లినవాళ్ళు నిజాన్ని గుమ్మంలోనే ఆపేశారు. అంతకంటే సిగ్గు ఆవిడ జీవితంలో లేదు. తనని మంచిదంటున్నారు. ఆ క్షణాన ఊరుకున్నా ఆవిడ మంచిగానే మిగిలిపోతుంది, పిల్ల ఒక్కతే మునుగుతుంది.

ఆవిడ మూలగదికి వెళ్ళి, రెండు మూతల కింద దాచి ఉంచే ఒక సీసా పట్టుకొచ్చింది. కుళ్ళిన వెన్నా వాంతీ కలిపినట్టుండే ఆమ్లం అది. దాన్ని వాసనలు బయటికి లాగేసే చిమ్నీ కింద తప్ప తెరవరు. "మేడమ్, వద్దు" అని ఎవరో అంటుండగానే రెండు మూతలూ తీసి ముక్కు కింద పెట్టుకుంది.

ముందు పరీక్షకుడు లేచాడు, జేబురుమాలు ముఖానికి అదుముకుంటూ. కుర్రాళ్ళు తలుపు వైపు పరిగెత్తారు. ప్రొఫెసర్ గారు దగ్గుతూ కిటికీ రెక్క లాగారు. ఎవరికో వాంతి వచ్చింది. ముక్కమ్మ మాత్రం నిలబడిన చోటే నిలబడి, ముఖంలో ఒక్క గీత కూడా మారకుండా, పూలు వాసన చూస్తున్నట్టు ఊపిరి పీల్చి వదిలింది. మళ్ళీ పీల్చింది. గది అవతలి చివర నుంచి వాళ్ళంతా ముక్కులు మూసుకుని తననే చూస్తున్నారు. సీసా పక్కకి వంగి ఒక చుక్క బయటికి తొణికింది. ఆవిడ చూసుకోలేదు.

గదిలో గాలి తేటపడ్డాక, పిట్ట వరండాలో ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. ముఖం పాలిపోయింది. ఏడవలేదు.

"నేను అడిగాను కదా మేడమ్" అంది.

"అడిగావమ్మా."

"నా ముక్కు బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"నేను డాక్టరుకి కూడా చూపించుకున్నాను, తెలుసా? ముక్కులో తేడా ఉందేమోనని. ఆయన ఏం లేదంటే ఆయన్ని కూడా నమ్మలేదు. మిమ్మల్నే నమ్మాను." ఆ పిల్ల గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండుననిపించింది ముక్కమ్మకి. "గీకిన జిగురు ఎక్కడ ఉంది?"

"పారేశాను."

"వర్క్‌షాపులో ఆ ట్యూబు ఉందేమో చూస్తాను. చెల్లెలు జన్యువు తీగ వాసన పట్టకపోవచ్చు, పండు వాసన పడుతోందేమో. పడుతోందో లేదో తేల్చేది జన్యువే కానీ నేను కాదు." వెళ్ళబోయి ఆగింది. "నేనూ వస్తానని అనకండి మేడమ్. మీరు రావద్దు."

ముక్కమ్మ తల ఊపింది. పిట్ట మెట్లు దిగుతుంటే, ఆ నడకలో గెంతు లేదని గమనించింది. పిలిచి క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఆ బరువు కూడా ఆ పిల్ల మీదే పడుతుంది. పిలవలేదు. ప్రొఫెసర్ గారు గది లోపల్నుంచి పరీక్షకుడితో, "పిల్ల తప్పు లేదు, ఇంకో గడువిద్దాం" అంటున్నారు. ఆవిడ పేరు ఎవరూ ఎత్తడం లేదు. గాలిగొట్టం గది తాళంచెవిని ఆవిడ బల్ల మీద పెట్టి, లాబ్ కోటు విప్పకుండానే వచ్చేసింది. ఎవరూ ఆగమనలేదు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పక్కన కూర్చున్న ఆడమనిషి రెండో స్టాపులోనే లేచి ముందుకెళ్ళి నిలబడింది. వెనక సీటులో ఎవరో కిటికీ తెరిచారు. ఎదుటి సీటులో పసిపిల్ల తల్లి భుజంలో ముఖం దాచుకుంది. ఒకరొకరుగా చుట్టూ ఉన్న సీట్లన్నీ ఖాళీ అయ్యాయి, నిలబడేవాళ్ళు మాత్రం ముందు వైపు కిక్కిరిసి ఉన్నారు. ఆవిడ మొదట అర్థం చేసుకోలేదు. కండక్టరు వచ్చి, మోచేతిని ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళు పక్కకి తిప్పుకుని, "పెద్దమ్మా, కోపగించుకోకు, కొంచెం దిగి నడుస్తావా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ చేతి వైపు చూసుకుంది. కోటు చేతి అంచున రూపాయి బిళ్ళంత మరక.

"దిగుతాను బాబూ" అంది.

మిగిలిన దారంతా నడిచింది. ఎదురొచ్చేవాళ్ళు తన దగ్గరికి వచ్చేసరికి ముఖం చిట్లించి పక్కకి తప్పుకోవడం, ఆ ముఖాలని బట్టే తన ఒంటి నుంచి ఏమొస్తోందో తెలుసుకోవడం అలవాటు చేసుకుంటూ నడిచింది. దుకాణాల ముందు నుంచి కాక రోడ్డు అంచునే నడిచింది. ఒకచోట ఇద్దరు పిల్లలు ముక్కులు పట్టుకుని నవ్వారు. ఆవిడకి వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళు చూసింది చూసినట్టు చెప్పారు.

తలుపు తీసిన అక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"చెప్పావా?" అంది.

"చెప్పాను. ఆలస్యంగా."

"ఆ పిల్ల ఏమంది?"

"రావద్దంది."

అక్కకి వినిపించిందో లేదో. చెవి మిషను కీచుమంది. అక్క ఇంకేమీ అడగకుండా ఆవిడ కోటు గుండీలు తానే విప్పి, మరక పడిన చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని, పెరటి గుమ్మం బయట తీగ మీద వేసి వచ్చింది. తర్వాత ఇంట్లో కిటికీలన్నీ తీసింది.

"పోయిందా?" అని అడిగింది ముక్కమ్మ గుమ్మంలోనే నిలబడి.

"ఇంకా లేదు" అంది అక్క. "పోయాక చెబుతాలే, లోపలికి రా."

ఆవిడ లోపలికి వచ్చి, అక్క చెప్పేదాకా ఎక్కడా కూర్చోకుండా, గది మధ్యలో నిలబడింది.